మేడమీద రెండో గది

రామేశ్వరం దీవిలో చౌకగా నడుం వాల్చే చోటు కావాలంటే ఆళ్లగడ్డ సుబ్బరాయుణ్ణి అడగమనేవాళ్లు. డెబ్బైల్లో ఆ మాట ఆళ్లగడ్డలోనే కాదు, నంద్యాల బస్టాండులో కూడా వినపడేది. అది చెవిన పడినప్పుడల్లా సుబ్బరాయుడు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, లోపల్లోపల పొంగిపోయేవాడు. మనిషికి అంతకు మించి వేరే పేరు లేదు మరి. నూనె మిల్లులో గుమాస్తా. శనక్కాయల మూటలు తూకం వేయించి చీటీ రాసివ్వడం అతని పని. ఏడాదిలో పదకొండు నెలలు యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడే ఆ మనిషి, మాఘమాసం వచ్చేసరికి నలభై మందికి పెద్దమనిషి అయిపోయేవాడు.

సంగతేమిటంటే, ఏటా మాఘంలో, పంట ఇంటికొచ్చి జనం చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో, అతను నంద్యాలలో ఒక బస్సు మాట్లాడి యాత్ర కట్టేవాడు. నంద్యాలలో ఇరవై మంది, ఆళ్లగడ్డలో ఇరవై మంది ఎక్కేవాళ్లు. తిరుపతి, కంచి, శ్రీరంగం, మధుర చూసుకుని చివరికి రామేశ్వరం. బస్సు నడిపేది మాబాషా. సుబ్బరాయుడి వీధిలోనే, నాలుగిళ్ల అవతల కాపురం. అప్పట్లో ఆ దీవికి రోడ్డు లేదు. బస్సు ఇవతలి ఒడ్డున మండపం దగ్గర ఆగిపోయేది. సముద్రం మీద ఉన్నది రైలు వంతెన ఒక్కటే. జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రైలెక్కి అవతలికి పోతే, మాబాషా బస్సుకు కాపలాగా ఇవతలే ఉండిపోయేవాడు. ఏళ్ల తరబడి ఊరందర్నీ ఆ ఒడ్డుదాకా తెచ్చాడు గానీ, తను మాత్రం ఒక్కసారి కూడా ఆ దీవి మీద కాలు పెట్టలేదు.

సుబ్బరాయుడు అందరికన్నా ఒక రైలు ముందు పోయి దీవిలో దిగేవాడు. నలభై మందికి ఆ రాత్రి పడక చూపించాలి గదా. అది చూసి తీరాల్సిన పనితనం. సత్రంలోకి పోగానే గదులు చూసేవాడు కాదు. తిన్నగా బావి దగ్గరికి పోయి, ఒక చేద తోడించి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఊసేవాడు. దీవి అన్నాక చుట్టూ నీళ్లే, వంటకు పనికొచ్చేవి మాత్రం వెతుక్కోవాలి. ఈ నీళ్లలో కందిబేడలు ఉడుకుతాయా అన్నది అతని మొదటి ప్రశ్న. నేల గట్టిగా ఉన్నా, దోమలు కుట్టినా మనవాళ్లు ఓర్చుకుంటారు, బేడలు ఉడకని పప్పు పెడితే మాత్రం యాత్ర అంతా పాడైందంటారు. ఆ తర్వాత తనే నేలమీద వెల్లకిలా పడుకుని గాలి ఎటునుంచి వస్తున్నదో చూసేవాడు. గుళ్లో ఇరవై రెండు బావుల నీళ్లు పోయించుకుని తడిబట్టలతో వచ్చే ముసలివాళ్లు ఎంత దూరం నడవాలో అడుగులు వేసి కొలిచేవాడు. అప్పుడు గానీ బేరంలోకి దిగేవాడు కాదు.

బేరం అంటే మళ్లీ మామూలు బేరం కాదు. అతనికి అరవం ఒక్క ముక్క రాదు. సత్రం కాపలాదారు కరుప్పయ్యకు మొదట్లో తెలుగు రాదు. మరేం చేయాలి? నంద్యాల ఎద్దుల సంతలో చేసినట్టే చేశాడు. భుజం మీది తువ్వాలు తీసి కరుప్పయ్య చేతిమీద కప్పి, కింద వేళ్లు పట్టుకుని నొక్కాడు. ఒక వేలికి ఒక లెక్క. మొదటిసారి కరుప్పయ్య హడలిపోయి చెయ్యి లాక్కున్నాడు. మూడో ఏటికి తనే తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చేవాడు. వేళ్లతో తెగకపోతే ఇంకొక పద్ధతి ఉంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవడం. సంతలో నిజంగా అమ్మదలచుకున్నవాడు ఎవడూ మనిషిని పది అడుగులు దాటనివ్వడు, వెనకనుంచి కేకేస్తాడు. దీవిలో కూడా సుబ్బరాయుణ్ణి ప్రతిసారీ ఆరో అడుగుకో ఏడో అడుగుకో వెనక్కి పిలిచారు. తెలివంటే తనదే అనుకున్నాడు.

ఇంతమందికి చోటు చూసిన మనిషి తను ఎక్కడ పడుకునేవాడని ఎవరూ అడగలేదు, ఒక్క నరసమ్మ తప్ప. నరసమ్మ అతని భార్య. యాత్రకు నెల ముందునుంచే ఆమె నడుం వంగేది. నలభై మందికి కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు పచ్చడి, వేయించిన పిండి, అన్నీ తనే దంచి డబ్బాలకెత్తి, మూతలకు గుడ్డలు కట్టి బస్సెక్కించేది. తను మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఆమెకొక సీటు పోతే ఒక యాత్రికుడి డబ్బు పోయినట్టే గదా అని సుబ్బరాయుడు ఒకసారి అన్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మొదటి ఏడు యాత్రనుంచి తిరిగొచ్చిన రోజు ఆమె కంచంలో అన్నం పెడుతూ అడిగింది.

"ఆడ యాడ పండుకున్యావ్?"

నిజం ఏమిటంటే, సత్రం హాలు నిండిపోయి ఇతనికి చోటు మిగల్లేదు. వరండా చివర నలభై మంది చెప్పులు విడిచిన మూలలో, గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. చెప్పులకు కాపలా కూడా అయినట్టుంటుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మాట పెళ్లాంతో చెప్పడానికి నోరు రాలేదు, పోయొచ్చినవాళ్లూ ఎప్పుడూ ఆమె దగ్గర అది ఎత్తలేదు. సముద్రానికి ఎదురుగా ఒక లాడ్జి ఉంది, కిందనుంచి చూశాడు, మేడమీద రెండో గదికి పెద్ద కిటికీ ఉంది. అది గుర్తొచ్చి, మేడమీద గది ఇచ్చారన్నాడు. పెద్దమనిషికి ఇవ్వరా మరి అన్నాడు.

అబద్ధం ఒకసారి ఆడితే ఊరుకుంటుందా. మరుసటేడు ఆ గదికి మంచం వచ్చింది. ఆ పై ఏడు మంచం కిటికీ పక్కకు జరిగింది. ఇంకో ఏడు కిటికీలోంచి గాలి వచ్చి దుప్పటి ఎగరగొట్టింది. చివరికి రాత్రంతా అలల చప్పుడు, నిద్ర పడితే ఒట్టు అన్నదాకా పోయింది. నరసమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. వాళ్లది మట్టిమిద్దె. లోపలికి వెలుతురు రావడానికి కప్పులో ఒక గవాచి, వానొస్తే దానిమీద రాతిపలక మూత. గోడలకు కిటికీ అన్నది లేదు. ఆమె పుట్టిల్లూ అంతే. పడుకుని కళ్లు తెరిస్తే అవతల ఏదో ఒకటి కనపడడమన్నది ఆమె యాభై ఏళ్ల బతుకులో ఒక్క రాత్రి కూడా ఎరగదు.

1981లో ఆమె నోరు విప్పింది. అప్పటికే మోకాళ్లు వాచి, రోలు ముందు కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తున్నది. డబ్బాల మూతలకు గుడ్డలు కడుతూ, తల ఎత్తకుండానే అంది.

"నేనూ వస్తా ఈసారి. గుడి సంగతి నాకు తర్వాత. ఆ కిటికీ పక్కన ఒక్క రాత్రి పండుకోవల్ల."

పోతే తన అబద్ధం బయటపడుతుందని సుబ్బరాయుడికి తెలుసు. కానీ కాదనలేకపోయాడు. కాదనడానికి మనసు కూడా రాలేదు. పదేళ్లు ఊళ్లో వాళ్లందరికీ చోటు చూపించి, కట్టుకున్నదానికి చూపించలేనా అనుకున్నాడు. ఇరవై అయిదు రూపాయలు విడిగా గుడ్డలో ముడేసి నడుముకు కట్టుకున్నాడు. ఎంత అడిగినా సరే, ఆ మేడమీది రెండో గది ఆ రాత్రికి నరసమ్మది కావాలి, తను ఆడిన అబద్ధం ఆ ఒక్క రాత్రితో నిజమైపోవాలి. దారి పొడుగునా అతనికి అదే ధ్యాస. శ్రీరంగంలో రంగనాథుడి ముందు నిలబడి కూడా ఆ గది ఖాళీగా ఉండాలనే మొక్కుకున్నాడు.

ఆ యేడు మిల్లులో పని తెమలక పది రోజులు ఆలస్యంగా బయల్దేరారు. మామూలుగా శివరాత్రి జనం రాకముందే వచ్చిపోయేవాళ్లు కాస్తా ఆ జనంలోనే పడ్డారు. మండపం దగ్గర రైలు కోసం నిలబడ్డప్పుడు మాబాషా నరసమ్మ మూట అందించి, దీవి ఎట్లుంటుందో వచ్చి తనకు చెప్పమన్నాడు. హమీదాబీకి కూడా చెప్పాలట, ఇంట్లో రోజూ అడుగుతున్నదట. హమీదాబీ మాబాషా భార్య, నరసమ్మకు నెచ్చెలి. నరసమ్మ నవ్వి, అన్నీ చూసొచ్చి చెప్తానంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ముందు రైల్లో పోయారు, మిగతావాళ్లను వెనక రైల్లో రమ్మన్నారు. వంతెన మీద రైలు మెల్లగా పోతుంటే ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్లైన ఇన్నేళ్లలో నలుగురి మధ్య ఆమె అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి.

అదృష్టమనే చెప్పాలి, ఊరంతా జనంతో కిటకిటలాడుతున్నా ఆ గది అప్పుడే ఖాళీ అయింది. ఎవరో సామాను దించుకుని పోతున్నారు. మేనేజరు కళ్లద్దాల మనిషి, ఆ మధ్యనే వచ్చినవాడు, చూసిరమ్మని పైకి చెయ్యి చూపించాడు. నరసమ్మ ఒక్కో మెట్టుకూ మోకాలు పట్టుకుని ఎక్కింది. గది చిన్నదే. ఇనుప మంచం, పలచటి పరుపు, మూలన నీళ్ల కూజా. కిటికీ మాత్రం మంచం పొడవునా ఉంది. దాని అవతల, మధ్యలో ఏ అడ్డూ లేకుండా, సముద్రం. ఆమె మూట మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుని, ఊచలు రెండు చేతులా పట్టుకుంది.

"ఈ గదేనా?" అంది.

"ఇదే" అన్నాడు సుబ్బరాయుడు. కాసేపు కూర్చోమని, తను కిందికి పోయి మాట్లాడి వస్తానని చెప్పి దిగాడు.

ఇక్కడే అతని నెత్తిన శని కూర్చుంది. మేనేజరు పదిహేను రూపాయలన్నాడు. నడుముకు ఇరవై అయిదు కట్టుకుని, అంతా ఇచ్చేయడానికి సిద్ధపడి వచ్చిన మనిషి సరే అనొచ్చు గదా? అనలేదు. పదేళ్లుగా ఆ దీవిలో ఎవరు ఏం చెప్పినా సగానికి దించిన నోరు అది, దానంతటదే పది అనేసింది. చెయ్యి దానంతటదే తువ్వాలు తీసింది. మేనేజరు ఆ తువ్వాలును, తన వైపు వస్తున్న చేతినీ చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మళ్లీ పదిహేను అన్నాడు. సుబ్బరాయుడు పన్నెండన్నాడు. అతను తల అడ్డంగా ఊపి పుస్తకంలో ఏదో రాసుకోసాగాడు. అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తే ఇక ఆళ్లగడ్డ సుబ్బరాయుడెందుకు? మెట్ల దగ్గరికి పోయి పైకి కేకేశాడు.

"దిగిరా, పోదాం."

నరసమ్మ మెట్ల పైన కనపడింది. ఏమైందని అడగలేదు. మళ్లీ లోపలికి పోయి మూట తీసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ నొప్పి అని ఆమె మొహం చూస్తేనే తెలుస్తున్నది. దగ్గరికొచ్చాక అతను మెల్లగా చెప్పాడు, వెనక్కి చూడొద్దు, ఇప్పుడు పిలుస్తారు అని. ఆమె తల ఊపింది. ఇద్దరూ నడిచారు. ఆరో అడుగు పడింది. ఏడో అడుగు పడింది. పదో అడుగు దగ్గర అతను కొంచెం నిదానించాడు. పన్నెండో అడుగు వేసేటప్పటికి వాళ్ల పక్కనుంచి ఒక గుర్రబ్బండి పోయి లాడ్జి ముందు ఆగింది. మధుర వైపు వాళ్లెవరో, పిల్లా మేకా అంతా దిగి లోపలికి పోయారు.

ఆ మేనేజరు సంతలో పుట్టి పెరిగినవాడా ఏమన్నా? లేచిపోయిన మనిషి వద్దని పోయాడనుకున్నాడు, అంతే. నరసమ్మను అక్కడే నిలబెట్టి సుబ్బరాయుడు పరుగున వెనక్కి పోయేసరికి గోడకున్న కొక్కేనికి తాళంచెవి లేదు. పదిహేను ఇస్తానన్నాడు. ఇరవై అన్నాడు. నడుముకున్న గుడ్డ విప్పి మొత్తం బల్లమీద పోశాడు. మేనేజరు జాలిగానే చూసి, పుస్తకం అతని వైపు తిప్పి, రాసుకున్న పేరు చూపించాడు. అది రెండు రోజులకు రాసిన పేరు. తమ రైలు మర్నాడు సాయంత్రానికే ఉంది. పైన ఎవరో కిటికీకి తడిబట్టలు ఆరేస్తున్నారు.

వేరే లాడ్జీలు నాలుగు తిరిగారు. శివరాత్రి జనం, అరుగులు కూడా మిగల్లేదు. నరసమ్మ ఇక నడవలేనంది. చివరికి ఆమెను వెంటబెట్టుకుని ఎప్పటి సత్రానికే పోయాడు. కరుప్పయ్య వాళ్లను దూరంనుంచే చూసి మొహమంతా నవ్వు చేసుకుని ఎదురొచ్చాడు. ఇన్నేళ్లలో మన యాత్రికుల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు, అదీ మన సీమ తెలుగే. పాపం, మర్యాద చేద్దామనే అనుకున్నాడు.

"రా అన్నా. నీ జాగా ఊడ్చి పెట్టినా. యాడికీ పోల్యా అది, పదేండ్లనుంచి నీదే గదా" అని వరండా చివర చెప్పుల మూల చూపించాడు.

గోనెపట్ట కూడా పరిచే ఉంది. దాని పక్కన, అప్పటికే దిగిన వేరే యాత్రికుల చెప్పులు, వరసలో. సుబ్బరాయుడు తల ఎత్తలేకపోయాడు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. నరసమ్మ ఆ గోనెపట్ట వైపు చూసింది, చెప్పుల వైపు చూసింది, మళ్లీ మొగుడి వైపు చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఇన్నేండ్లూ ఈడనేనా?" అంది.

అతను తల ఊపాడు.

"చెప్పింటే ఇంగొక దుప్పటి మూటలో పెట్టింటి గదా."

అంతే అంది. మూట దించి, చీర కొంగుతో ఆ మూలన ఇంకొంచెం దుమ్ము దులిపి, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. వెనక రైల్లో వచ్చినవాళ్లు హాల్లో సర్దుకున్నాక, ఆడవాళ్ల మధ్య చోటు చేస్తామని పిలిచారు. పోలేదు. ఇక్కడే బాగుందంది. ఆ రాత్రి సుబ్బరాయుడు కన్ను మూయలేదు. ఆమె మాత్రం, అలసిపోయిందేమో, నిద్రపోయింది.

తెల్లారి సముద్ర స్నానానికి పోయారు. రామేశ్వరం దగ్గర సముద్రం చెరువులా ఉంటుంది, అలలు ఉండవు. నీళ్లు వచ్చి కాలికి తగిలి ఊరుకుంటాయి, చప్పుడే చేయవు. అది అక్కడికి పోయిన ప్రతివాడికీ తెలుసు. సుబ్బరాయుడికీ తెలుసు, వినడానికి బాగుంటుందని మాట వరసకు అలలు కలిపాడు. నరసమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కొంతసేపు ఆ నీళ్లను చూసింది, చెవి పెట్టి విన్నది. అతను పక్కనే ఉన్నాడు. ఆమె మూడుసార్లు మునిగి లేచి, చెయ్యి పట్టుకోమని అడిగింది.

ఊరికి వచ్చిన మూడో రోజు. సాయంత్రం మిల్లునుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విప్పుతున్నాడు సుబ్బరాయుడు. లోపల హమీదాబీ గొంతు వినపడింది, దీవి ఎట్లుందని అడుగుతున్నది. ఆ తర్వాత నరసమ్మ గొంతు. తొందరేమీ లేకుండా, ఒక్కొక్కటే చెప్తున్నది.

"మేడమీద గది ఇచ్చినారు హమీదా. కిటికీ పక్కన మంచం. గాలికి దుప్పటి నిలిస్తే గదా. రాత్రంతా అలలు, నిద్ర పడితే ఒట్టు. ఆయన పేరు చెప్తే చాలు ఆడ, లేచి నిలబడ్తారు."

ఒక్క మాట కూడా మార్చలేదు. పదేళ్లుగా అతను చెప్పినవి చెప్పినట్టే, అతని వరసలోనే. అలలు లేవని తెలిసి కూడా అలలు చెప్పింది. సుబ్బరాయుడు చెప్పులు మళ్లీ తొడుక్కుని వీధి చివరిదాకా పోయి, అక్కడ మైలురాయి మీద కూర్చున్నాడు. అంత సిగ్గు అతను బతుకులో ఎప్పుడూ పడలేదు. తిట్టివుంటే పడేవాడు. తన పరువు కాపాడిందే, అది పడలేకపోయాడు.

దీన్ని సరిచేసుకోవడానికి అతనికి నాలుగేళ్లు టైముంది. ఆ సంగతే తర్వాత తర్వాత అతన్ని తినేసింది. యాత్ర కట్టనక్కర్లేదు, నలభై మంది అక్కర్లేదు. రెండు టిక్కెట్లు కొనుక్కుని మామూలు రోజుల్లో పోతే ఆ గది పన్నెండు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు ఖాళీగానే ఉంటుంది. మళ్లీ యేడు పోదాంలే అన్నాడు. మళ్లీ యేడు వానల్లేక యాత్రకు జనం లేరు, వచ్చే యేడు అన్నాడు. ఆమె మోకాళ్లు తగ్గాక అన్నాడు. అసలు కారణం అవేవీ కావు. ఆ కళ్లద్దాల మేనేజరు ముందు, ఆ మెట్ల ముందు మళ్లీ నిలబడడానికి మొహం చెల్లలేదు. తన సిగ్గు కోసం ఆమె కిటికీని నాలుగేళ్లు వాయిదా వేశాడు. నరసమ్మ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. వీధిలో యాత్రకు రానివాళ్లు ఎవరు అడిగినా మేడమీది గది కథ మాత్రం చెప్తూనే ఉంది.

1985 వానాకాలంలో ఆమెకు జ్వరం తగిలింది. నంద్యాల ఆస్పత్రిలో చేర్చారు. మంచం కిటికీ పక్కన దొరికింది. అవతల సైకిల్ స్టాండు, దాని పక్కన ఒక టీ బంకు. ఆమె తల అటు తిప్పుకుని చాలాసేపు చూసి, గాలి బాగుందని అంది. సుబ్బరాయుడు స్టూలు మీద కూర్చుని ఆమె అరికాళ్లు పట్టుకుని ఉన్నాడు. అప్పుడైనా చెప్దామనుకున్నాడు, తప్పు చేశానే, ఆ రోజు డబ్బు నడుముకు ఉన్నా బేరమాడానే అని. ఆ డబ్బు సంగతి ఆమెకు తెలియదు. లేదనుకునే దిగివచ్చింది. రేపు చెప్దాంలే అనుకున్నాడు. ఆ రేపు ఆమె లేదు.

యాత్రలు మానేశాడు. తువ్వాలు వేసుకోవడం కూడా మానేశాడు, ఎందుకని ఎవరైనా అడిగితే ఉక్కపోత అనేవాడు. కూరగాయల దగ్గర కూడా అడిగినంత ఇచ్చి వచ్చేవాడు. జనం అతనికి మతి సరిగా లేదనుకున్నారు.

1988లో దీవికి రోడ్డు వంతెన వేసి తెరిచారు. ఇక బస్సులు సముద్రం దాటిపోవచ్చు. ఆ వార్త తెలిసిన వారానికే మాబాషా, హమీదాబీ ఇంటికొచ్చారు. నాగూరు దర్గాకు పోతున్నారట, అట్నుంచి ఆ దీవి కూడా చూసి రావాలని హమీదాబీ పట్టు. ఇన్నేళ్లు ఒడ్డున కాపలా కాసిన మొగుణ్ణి ఒక్కసారైనా దాటించాలట. ఎక్కడ దిగమంటావని మాబాషా అడిగాడు. హమీదాబీ వెంటనే అందుకుంది.

"యాడో ఎందుకన్నా? మా అక్క పండుకున్న గదే చెప్పు. మేడమీద రెండోది. అలల చప్పుడుకు నిద్ర పట్టదంట గదా."

సుబ్బరాయుడికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే తన బరువు దిగుతుంది, నరసమ్మ మాట అబద్ధమవుతుంది. చెప్పలేదు. కాగితం మీద లాడ్జి పేరు, వీధి, గుర్తులు అన్నీ రాసి ఇచ్చాడు. వాళ్లు లేచి గడప దాటుతుండగా మాబాషా భుజం పట్టుకుని ఆపాడు.

"ఎంత అడిగితే అంత ఇచ్చెయ్యప్పా. బేరం చేయొద్దు. లేచొస్తే పిలుస్తారనుకోవద్దు. పిలవరు."

మాబాషా నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకున్నాడు.

పదిహేను రోజులకు తిరిగొచ్చారు. హమీదాబీ ఒక్కతే వచ్చింది, కొంగులో దోసెడు గవ్వలు తెచ్చింది. గది దొరికిందని చెప్పింది. మంచం కిటికీ పక్కనే ఉందని, గాలి బాగా ఆడిందని చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఆ సముద్రం పక్కన రెండు రాత్రులు పడుకుని వచ్చిన మనిషి. అక్కడ ఏముందో, ఏం లేదో ఆమెకు ఇప్పుడు తెలుసు. గవ్వలు గూట్లో పెట్టి, సుబ్బరాయుడి వైపు చూడకుండా అంది.

"అక్క చెప్పినట్లే ఉండాదన్నా అంతా. రాత్రంతా అలలే."

సుబ్బరాయుడు తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఏడేళ్లుగా ఎవరితోనూ అనని మాట అతని నోట్లోంచి అప్పుడు వచ్చింది.

"పదిహేను రూపాయలే అడిగినాడమ్మా" అన్నాడు. "నా నడుముకు ఇరవై అయిదు ఉన్నింది."